పక్కసీటు ఖాళీ

ఆ కొండదారిలో తొమ్మిదో మలుపు మంచిది కాదు.

అక్కడ దెయ్యం ఉందని ఎవరూ పైకి అనరు. కానీ చీకటి పడ్డాక కారులో ఒంటరిగా కొండ దిగేవాళ్ళెవరూ పక్కసీటు ఖాళీగా ఉంచుకోరు. ఖాళీగా ఉంటే… ఎవరో వచ్చి కూర్చుంటారట. తలుపు తీసిన చప్పుడు ఉండదు. మనిషీ కనబడదు. సీటు మాత్రం కాస్త కిందికి దిగుతుంది — అంతే.

అందుకని కొండ మీద టీకొట్టు నడిపే అక్క ఒక ఏర్పాటు చేసింది. కొట్టు వెనక ఇసక మూటలు వరసగా పేర్చి ఉంచుతుంది. ఒంటరిగా దిగే ప్రతివాళ్ళూ ఒక మూట తీసుకుని, పక్కసీట్లో పెట్టి, దానికి బెల్టు కూడా కట్టి, కొండ కింద ఉన్న ఆమె చెల్లెలి కొట్లో దించేసి పోతారు. పొద్దున్నే పాలవ్యాను ఆ మూటల్ని మళ్ళీ పైకి చేరుస్తుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పద్ధతి. ఒక పళ్ళ డాక్టరు గారైతే, ఉత్త మూటంటే దెయ్యం నమ్మదేమోనని దానికి తన టోపీ, కళ్ళజోడు పెట్టి మరీ దిగాడట. కళ్ళజోడు లేకుండా ఆయన కొండ ఎలా దిగాడో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇదంతా నేను చూసింది కాదు, విన్నది. కొంత టీకొట్టు అక్క చెప్పింది, కొంత ఆమె చెల్లెలు చెప్పింది. మిగతాది మా మావయ్య నోటి నుంచి లాగేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

మావయ్య డ్రైవింగ్ స్కూలు మాస్టారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. ఆయన కారులో రెండు వైపులా క్లచ్చూ బ్రేకూ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు ముందు, ఆయన పక్కసీట్లో. అవతలివాళ్ళు తడబడితే తన వైపు బ్రేకు తొక్కేస్తాడు. రెండు బ్రేకుల్నీ కలిపే బిగించారు కాబట్టి, వాళ్ళ కాలి కింద బ్రేకు దానంతటదే దిగిపోతుంది. నాకు నేర్పేదీ ఆయనే. నా కాలి కింద ఆ బ్రేకు ఎన్నిసార్లు దిగిందో చెప్పుకోవడం నాకే సిగ్గుచేటు.

ఈమధ్య మా వీధి చివర ఇంకొకాయన కొత్తగా డ్రైవింగ్ స్కూలు పెట్టాడు. ఏసీ కార్లు, రంగురంగుల బోర్డు. పెట్టినవాడు పెట్టినట్టు ఊరుకోక, ఊరంతా ఒకటే మాట చాటాడు: "మాస్టారికి నేర్పడమే వచ్చు, నడపడం రాదు. ఇరవై ఏళ్ళలో ఆయన స్టీరింగు పట్టగా చూసినవాళ్ళుంటే చూపించండి!"

ఎవరూ చూపించలేకపోయారు. మాకూ గుర్తు రాలేదు. పెళ్ళిళ్ళకి వెళ్ళినా ఎవరో ఒక శిష్యుడు నడిపేవాడు, మావయ్య పక్కన కూర్చుని తిట్టేవాడు. ఆ మాట పాకి పాకి, స్కూల్లో నేర్చుకునేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. మూడోసారి మొదటి నుంచి నేర్చుకుంటున్నాను.

స్కూలు ఆఫీసు చూసుకునేది మా అత్తయ్య. ఆవిడ ఒకరోజు రిజిస్టరు మూసి, కళ్ళద్దాలు తీసి, మావయ్య ముందు కూర్చుంది.

"అయిదు రోజులు కారేసుకుని ఊళ్ళు తిరిగి రండి. మీరొక్కరే. చూడాల్సినవన్నీ చూసి, ప్రతి చోటా ఫోటో తీసి స్కూలు గ్రూపులో పెట్టండి. పక్కసీట్లో పూచికపుల్ల కూడా ఉండకూడదు, రేపు వాడు దానికీ వంక పెడతాడు. మధ్యలో వెనక్కి తిరిగొచ్చారో… స్కూలు మూసేసి తాళాలు వాడి చేతిలో పెడదాం."

ఇరవై ఎనిమిదేళ్ళ స్కూలు. మావయ్య సరేనన్నాడు.

మొదటిరోజు పొద్దున్నే బయల్దేరాడు. బయల్దేరాడంటే… కారెక్కి, బెల్టు పెట్టుకుని, "ఊ, స్టార్ట్ చెయ్" అన్నాడు. కారు కదల్లేదు. చూసుకుంటే పక్కసీట్లో కూర్చుని ఉన్నాడు. కిటికీలోంచి చూస్తున్న అత్తయ్య కర్టెను లాగేసింది.

కారుకున్న ఎల్ బోర్డులు తీయడం మర్చిపోయాడు. దాంతో దారి పొడుగునా సలహాలే. ఒక లారీ డ్రైవరు పక్కకొచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి, "భయపడకు బాబాయ్, నేనూ లేటుగానే నేర్చుకున్నా" అని ధైర్యం చెప్పి మరీ వెళ్ళాడు. పెట్రోలు బంకులో ఒకావిడ తన కారు దూరంగా జరుపుకుని, ఈయన వెళ్ళిపోయేదాకా అందులో ఎక్కలేదు.

రెండోరోజు జలపాతం చూడబోతే అందులో నీళ్ళు లేవు. "కూర్చోండి, పదింటికి మోటారు వేస్తాం" అన్నాడు టికెట్లిచ్చే ఆయన. వేశారు. పావుగంట నీళ్ళు పడ్డాయి. ఉన్నది ఒక్కడే కాబట్టి మావయ్యే చప్పట్లు కొట్టాడు. తర్వాత పాత తాళాల మ్యూజియం. దాని తాళంచెవి ఎక్కడో పోయిందట, బయట కిటికీ దగ్గర స్టూలు వేసి చూపించారు. పార్కింగులో ఆపిన కారు కూడా కనబడేలా ఆ ఫోటోలు గ్రూపులో పెడితే, కొత్త స్కూలాయనకి ఎవరు చేరవేశారో గానీ, కబురు వెంటనే వచ్చింది: "కారు రెండు గీతల మధ్య ఉండాలి మాస్టారూ, రెండు గీతల మీదా కాదు."

సుఖాలు లేకపోలేదు. బిస్కెట్ల ప్యాకెట్టు మొత్తం ఒక్కడే తిన్నాడు. గొంతెత్తి పాడాడు, చాలించమన్నవాళ్ళు లేరు. మధ్యాహ్నం చెట్టు నీడన ఆపి, కిటికీలోంచి కాళ్ళు బయట పెట్టి గంటన్నర నిద్రపోయాడు. లేచేసరికి ఒక మేక ఆయన చెప్పు వాసన చూస్తోంది. "హాయిగా ఉందే అమ్మాయ్" అని నాకు ఫోను చేశాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మూడోరోజు సాయంత్రం కొండ ఎక్కాడు, సూర్యాస్తమయం చూడటానికి. మబ్బు పట్టింది. అందరూ వరసగా నిలబడి మబ్బునే చూసి దిగిపోయారు. మావయ్య మబ్బుకి ఫోటో తీసి, టీకొట్టు దగ్గర ఆగాడు. అప్పటికే చీకటి పడుతోంది.

"ఒక్కరేనా?" అంది టీకొట్టు అక్క.

"ఒక్కణ్ణే" అన్నాడు మావయ్య, కాస్త గర్వంగానే.

ఆవిడ టీ ఇచ్చి, మలుపు సంగతంతా చెప్పి, వెనక్కి వెళ్ళి ఒక మూట తెచ్చింది. మావయ్య అడ్డంగా తలూపాడు.

"ఇసక మూటైనా తోడే కదమ్మా. పక్కసీట్లో ఏమీ ఉండకూడదని మా ఆవిడ షరతు."

"మీ ఆవిడకి ఆ మలుపు సంగతి తెలుసా?"

"ఆ మలుపుకి మా ఆవిడ సంగతి తెలుసా?"

అక్క మూట భుజాన వేసుకుని కారు దాకా వెంట వచ్చింది. ఆఖరి నిమిషంలోనైనా మనసు మారుతుందేమోనని చూసింది. మావయ్య కారు తీశాడు.

ఒకటి… రెండు… మూడు. మలుపులు లెక్కపెట్టుకుంటూ దిగాడు. అయిదో మలుపు దగ్గర మంచు కమ్మింది. హెడ్‌లైట్ల వెలుగు నాలుగడుగులు వెళ్ళి ఆగిపోతోంది. ఏడు. పాడదామనుకున్నాడు, ఒక్క పాటా గుర్తు రాలేదు.

ఎనిమిది.

తొమ్మిదో మలుపులో స్టీరింగు తిప్పుతుండగా పక్కనుంచి చల్లగాలి తగిలింది. అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి.

పక్కసీటు… కొంచెం కిందికి దిగింది.

మావయ్య అటు చూడలేదు. చూడకూడదనుకున్నాడు. అప్పుడు వినబడింది, బెల్టు పెట్టుకున్న చప్పుడు — టక్!

అంతలో ఆయన కాలి కింద బ్రేకు… దానంతటదే… మెల్లగా దిగిపోయింది.

కారు ఆగింది. ఇంజను ఆగింది.

"ఎవరూ…?" అన్నాడు. ఆ మాట ఆయనకే వినబడలేదు.

మళ్ళీ స్టార్ట్ చేశాడు. గేరు వేసి, క్లచ్చు వదిలాడు. బ్రేకు దిగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ దిగింది.

మూడోసారికి భయం పోయి ఒళ్ళు మండింది. ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో ఎంతమంది కాళ్ళ కింద ఆయన బ్రేకు తొక్కి ఉంటాడో లెక్కే లేదు. ఆయన కాలి కింద, ఆయన కారులో, ఆయనకే బ్రేకు తొక్కడమా!

"లే" అన్నాడు, పక్కకి చూడకుండానే. "అది నా సీటు."

తలుపు తీసుకుని దిగాడు. మంచులో కారు చుట్టూ నడిచి వచ్చి, అటువైపు తలుపు తెరిచాడు. సీట్లో ఎవరూ లేరు. చేత్తో తాకి చూస్తే మాత్రం మంచుగడ్డలా ఉంది. కూర్చున్నాడు. తలుపు వేసుకున్నాడు.

అక్కడి దాకా నాకొక్కదానికే చెప్పి మావయ్య నోరు మూసేవాడు. నెల రోజుల పాటు ఎంత అడిగినా అంతే.

ఆ తర్వాత జరిగింది కొండ కింద కొట్టున్న చెల్లెలు చెప్పింది. ఆ వేళకి కొట్టు ముందు ఒక టూరిస్టు బస్సు ఆగి ఉంది. జనం టీ తాగుతున్నారు. ఆఖరి మలుపులోంచి ఒక కారు వచ్చింది. మనిషి నడిచినంత మెల్లగా… చాలా ముందు నుంచే ఇండికేటరు వేసుకుని… ఎల్ బోర్డుతో.

స్టీరింగు ముందు ఎవరూ లేరు.

పక్కసీట్లో మాత్రం బట్టతల ఉన్న ఒకాయన చేతులు కట్టుకుని కూర్చుని అరుస్తున్నాడు: "అద్దం! అద్దం చూడమన్నానా లేదా?… ఆఁ. ఇప్పుడు బాగుంది. మెల్లగా… మెల్లగా…"

టీ గ్లాసులు ఎక్కడివక్కడ వదిలేసి జనమంతా బస్సులోకి ఎక్కి తలుపు గడియ పెట్టేసుకున్నారు. పాపం బస్సు డ్రైవరు బయటే ఉండిపోయాడు. ఎంత కొట్టినా తియ్యలేదట. కారు మటుకు కొట్టు ముందు సరిగ్గా రెండు గీతల మధ్య ఆగింది. చెల్లెలు అలవాటు కొద్దీ చేతులు చాచి, "మూట… మూటేదండీ?" అని అడిగిందట.

బస్సు కిటికీలోంచి ఎవరో వీడియో తీశారు. తెల్లారేసరికి అది మా ఊళ్ళో అందరి ఫోన్లలోనూ ఉంది. దెయ్యం అన్నవాళ్ళు ఒకరిద్దరు. మిగతా ఊరంతా వాళ్ళని చూసి నవ్వింది. కొండ దిగడానికి ఎక్సలేటరు అక్కర్లేదు, క్లచ్చూ బ్రేకూ ఆయన వైపే ఉన్నాయి, కాస్త చెయ్యి చాచి స్టీరింగు పట్టి ఉంటాడు — పక్కసీట్లోంచి, రాత్రిపూట, మంచులో, మొత్తం పద్నాలుగు మలుపులు! ఎవరండీ మాస్టారికి నడపడం రాదన్నది?

మిగతా రెండు రోజుల తిరుగుడూ పూర్తి చేసుకుని మావయ్య అయిదోరోజు సాయంత్రం ఇల్లు చేరేసరికి వీధి నిండా జనం. కొత్త స్కూలాయన ముందు వరసలో నిలబడి, "ఆ విద్య నాకూ నేర్పండి మాస్టారూ" అన్నాడు. అత్తయ్య గుమ్మంలోనే ఏడ్చేసింది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి, నాకూ ఏడుపొచ్చింది. వారం తిరిగేసరికి స్కూల్లో నలభై మంది చేరారు. వాళ్ళలో నాకు వరస రావడమే కష్టమైంది.

మావయ్యకి మాత్రం ఆ సంబరం పట్టలేదు. ఎవరు పొగిడినా తల దించుకునేవాడు. మొన్న మధ్యాహ్నం నాకు పాఠం చెబుతూ మైదానం చివర కారు ఆపమన్నాడు. ఆపాను. నీళ్ళు తాగుతున్నాడు కదా అని ఫోనులో ఆ వీడియో తీసి, పెద్దది చేసి ఆయన ముందు పెట్టాను.

"మావయ్యా, ఇక్కడ చూడు. రెండు చేతులూ కట్టుకుని ఉన్నావు. మరి స్టీరింగు పట్టుకున్నది ఎవరు?"

మావయ్య చుట్టూ చూశాడు. మైదానంలో ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించాడు.

"మీ అత్తయ్యకి చెప్పనని ఒట్టు వెయ్యి."

వేశాను.

"నాకు నడపడం రాదే అమ్మాయ్. వచ్చేది, పోయింది. వాడన్నది నిజమే. ఆ అయిదు రోజులూ స్టీరింగు ముందు కూర్చున్నప్పుడల్లా నా కాళ్ళు నా మాట వినలేదు. ఆ మలుపులో పక్కసీట్లోకి మారాక గానీ ప్రాణం లేచి రాలేదు. అప్పుడు చూస్తే… స్టీరింగు అటు కాస్త, ఇటు కాస్త కదులుతోంది. కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ముట్టుకుని చూసుకుంటారే, అట్లా. ఇక నేనేం చేస్తాను, నాకు తెలిసింది ఒక్కటేగా! 'ముందు అద్దం సరిచేసుకో' అన్నాను. సరిచేసుకుంది."

నేను మెల్లగా స్టీరింగుకి దూరంగా జరిగాను.

"రెండుసార్లు ఇంజను ఆపేసింది, అంతే. నీకంటే నయం" అన్నాడు మావయ్య. "శనివారం మళ్ళీ వెళ్ళాలి. రివర్సు మిగిలిపోయింది."

"భయం వెయ్యదా మావయ్యా?" అని గొణిగాను.

ఆయన నా వైపు కోపంగా చూశాడు.

"భయమెందుకే? ఆ మూటలు రాకముందు ఎక్కిన ప్రతి కారులోనూ పక్కనే కూర్చోబెట్టారట పాపం… ఒక్కళ్ళూ స్టీరింగు ఇవ్వలేదట."