కాంతమ్మకి ఎవరి మీదా గౌరవం లేదు

బస్సు ఒరిగిపోతోంది!

ఎడమ చక్రాలు రెండూ గట్టు దిగిపోయాయి. కింద కాలువ. గోదావరికి వరదొచ్చి కాలువ నిండా ఎర్రనీళ్ళు.

లోపల ముప్ఫై ఇద్దరు.

కింద ఒక్కడు... దేవదానం!

నడుముల్లోతు నీళ్ళలో నిలబడి బస్సుని వీపు మీద మోస్తున్నాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఒంట్లో ఏనుగు బలం. అది ఎలా వచ్చిందో డాక్టర్లకీ తెలీదు, పాస్టరు గారికీ తెలీదు.

"కాస్త పైకెత్తండి మాస్టారూ! ఈపాటి బలానికేనా అంత పేరు?"

గట్టు మీంచి రాజరాజేశ్వరి గొంతు. కొత్తపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. వేదపండితులు శరభయ్య గారి అమ్మాయి. ఆమె చేత్తో ఏది విసిరినా గురి తప్పదు. నోటితో విసిరినా తప్పదు.

"మీరొచ్చి మొయ్యండి, తెలుస్తుంది!"

"బరువులు మొయ్యడం మా ఇంటా వంటా లేదండీ."

దేవదానం పళ్ళు కొరుకుతాడు. అతని తండ్రి ఇదే ఊళ్ళో పాలేరు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

పైన కొబ్బరిచెట్టు మీంచి కిసుక్కుమని నవ్వు.

మూడోవాడు. అప్పలస్వామి. చెట్లెక్కి కొబ్బరి దింపు తీస్తాడు. ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి ఎగరగలడు. ఆ ఎగిరేది కూడా ఎవరైనా చూస్తుంటేనే!

"మునిగిపోయేటప్పుడు చెప్పండి మాస్టారూ... చూస్తాను!"

మూడేళ్ళుగా ఇదే జట్టు. కోనసీమని కాపాడేది వీళ్ళేనని జనం అనుకుంటారు. పాపం జనం! వీళ్ళకి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడటమే కష్టం.

"మామ్మ దిగిందా?" అరుస్తాడు దేవదానం.

"లేదు! మిగతా అందరూ దిగారు. ఆవిడ కాలు సీటు కింద ఇరుక్కుంది!" రాజరాజేశ్వరి జవాబు.

దేవదానం కాళ్ళు బురదలో ఇంకాస్త తన్నిపెడతాడు.

మామ్మ అంటే కాంతమ్మ. రాజోలు బస్టాండులో ఇడ్లీలమ్ముకునే ముసల్ది. ఈ ప్రయాణమంతా ఆమె కోసమే. ఆమెని చంపడానికే వాడూ వచ్చాడు.

వాడు... పెద్దమనిషి!

ఆ పేరు వీళ్ళు ఎగతాళికి పెట్టిందే. వాడి అసలు మొహం ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. చూసేవాడికి ఎవరి మీద ఎక్కువ గౌరవమో, వాడు ఆ మనిషిలాగే కనిపిస్తాడు. అదే గొంతు. అవే బట్టలు. కొడుక్కి తండ్రి. శిష్యుడికి గురువు.

నెల రోజుల్లో మూడిళ్ళు. మూడు చోట్లా తలుపు వాళ్ళే తీశారు. కుర్చీ వేశారు. కాఫీ ఇచ్చారు. తెల్లారేసరికి గొంతులు తెగి పడున్నారు.

మొన్న పోలీసులకి దొరికాడు కూడా! ఏం లాభం? ఎస్సై గారికి పోయిన తండ్రి కనిపించాడు. సెల్యూట్ కొట్టి మరీ లాకప్పు తలుపు తీశాడు. తర్వాత సిగ్గుతో చచ్చి, తన పిస్టలు తెచ్చి రాజరాజేశ్వరి చేతిలో పెట్టాడు.

కాంతమ్మ దగ్గర మాత్రం వాడి మాయ పారలేదు. మూడో ఇంట్లోంచి వస్తుంటే చూసింది.

"చుంచు మొహం వెధవ. ముక్కు మీద పులిపిరి," అంది.

ఎందుకంటే కాంతమ్మకి లోకంలో ఎవరి మీదా గౌరవం లేదు! కట్టుకున్నవాడి మీద లేదు. కలెక్టరు మీద లేదు. వాణ్ణి చూసి వేలెత్తి చూపించగలిగే మనిషి ఆమె ఒక్కతే. ఆమె పోతే వాడిక జన్మలో దొరకడు.

అందుకే అమలాపురంలో మేజిస్ట్రేటు దగ్గర వాంగ్మూలం ఇప్పించడానికి తీసుకెళ్తున్నారు. మామిడికుదురు దాటగానే డ్రైవరు సడన్ బ్రేకు వేశాడు.

"రోడ్డు మధ్యలో మా గురువుగారు నిలబడ్డారండీ!"

బస్సు జారింది.

అంటే... వాడు ఇక్కడే ఉన్నాడు!

బస్సు మరో జానెడు దిగింది. రేకు దేవదానం భుజంలోకి దిగబడింది. రక్తం!

కిటికీలోంచి కాంతమ్మ మొహం. తల పక్కకి తిప్పితే సరిగ్గా అతని మొహానికి ఎదురుగా.

"ఒరే డ్రిల్లూ! నన్నొగ్గేసి పోరా! ముసల్దాన్ని, ఈయాల కాకపోతే రేపు పోతాను."

"నోర్ముయ్ మామ్మా. నువ్వు దిగితేనే వదుల్తాను."

"మీ అయ్యే మొండోడనుకున్నాను. నువ్వు ఆడి బాబులాగున్నావు!"

"అప్పలస్వామీ! దిగి ఆవిణ్ణి లాగరా!"

"రా అంటే రానండీ. మర్యాదగా పిలవండి."

"అప్పలస్వామి గారూ... తమరు దయచేసి దిగి చావండి!"

అప్పలస్వామి ఎగిరి బస్సు టాపు మీద వాలతాడు. కిటికీ ఊచలు విరుస్తాడు. కాంతమ్మ కాలు విడిపించి, మూటలా భుజాన వేసుకుని గట్టు మీద దింపుతాడు. మళ్ళీ చెట్టెక్కేస్తాడు.

కాంతమ్మ తిట్టలేదు.

వెనక్కి తిరిగి దేవదానాన్నే చూస్తోంది. రక్తం కారే ఆ భుజాన్ని చూస్తోంది. అరవై ఏళ్ళలో మొదటిసారి ఆ నోరు మూతపడింది.

దేవదానం బస్సుని వదిలేశాడు.

ధబేల్!

నీళ్ళు లేచాయి. అతన్ని ముంచేశాయి. బురదలో దొర్లించి గట్టు పక్కన పారేశాయి. దగ్గుతూ లేచి నిలబడతాడు.

గట్టు మీద జనం మారిపోయారు.

కండక్టరు బీడీ వెనక్కి దాచాడు. ఎగ్గట్టిన పంచెలు టకటకా దిగిపోయాయి. ఆడవాళ్ళు భుజం చుట్టూ కొంగు కప్పుకున్నారు. పెద్దవాళ్ళు ఎదురైతే, బుర్రకి తెలిసేలోపే ఒళ్ళు చేసేసే పనులవి.

అందరూ చూస్తున్నది దేవదానం పక్కకి!

తిరిగి చూస్తాడు.

నీళ్ళలోంచి సత్యనారాయణమూర్తి గారు పైకొస్తున్నారు. హెడ్మాస్టరు గారు. పాలేరు కొడుకుని ముందు బెంచీలో కూర్చోబెట్టి, అడ్డొచ్చినవాళ్ళని బయటికి నడవమన్న మనిషి. పోయి ఐదేళ్ళయింది.

తెలుసు. వాడేనని తెలుసు! అయినా దేవదానం చేతులు వాటంతటవే కట్టుకున్నాయి.

ఛీ!

"రాజేశ్వరి గారూ! వీడే! కాల్చండి!"

పిస్టలు లేచింది. ఇటు తిరిగింది. అటు తిరిగింది. మళ్ళీ ఇటు... దేవదానం గుండెల మీదికి!

"నన్నా? మతి పోయిందా మీకు?"

"రాజేశ్వరి గారూ, వీడే! కాల్చండి," అన్నారు హెడ్మాస్టరు గారు శాంతంగా.

ఆమె గురికి ఎన్నడూ అనుమానం రాదు. ఇప్పుడు వచ్చింది!

"మామ్మా! వాడెవడో చూపించు! తొందరగా!"

కాంతమ్మ వేలెత్తింది. ఆ వేలు గాల్లోనే ఆగిపోయింది.

"ఇద్దరూ డ్రిల్లు బాబేనమ్మా..."

దేవదానానికి ఒళ్ళు మండిపోతుంది. అరవై ఏళ్ళు ఎవణ్ణీ లెక్కచెయ్యలేదు! గౌరవించడానికి ఇవాళే దొరికిందా ఈ ముసల్దానికి? అదీ తననే!

మరి రాజేశ్వరి గారికేమైంది?

"రాజేశ్వరి గారూ, మీకు మీ నాన్నగారు కదండీ కనిపించాలి!"

ఆమె మొహం ఎర్రబడింది.

"నోరు ముయ్యండి... ఇద్దరూ!"

ఇద్దరూ!

ఒక్క క్షణం దేవదానానికి వరదా వినిపించలేదు, జనమూ కనిపించలేదు. మూడేళ్ళు! మూడేళ్ళుగా తనని చీపురుపుల్లకన్నా హీనంగా చూసిన మనిషి! ఒళ్ళంతా సంతోషం. ఆ సంతోషం మీదే పిస్టలు గురిపెట్టి ఉంది!

"కాంతమ్మా," చెయ్యి చాచారు హెడ్మాస్టరు గారు. "ఇలా రా. భయం లేదు."

రెండో చెయ్యి వెనక ఉంది. అందులో కత్తి ఉందని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

కాంతమ్మ కదిలింది. ఎవరు పిలిచినా పలకని మనిషి, పిల్లిలా నడుస్తోంది!

"మామ్మా, వెళ్ళకు! నేను దేవదానాన్ని!"

"మామ్మా, వాడి మాట నమ్మకు!" అన్నారాయన.

ఇంకో నాలుగడుగులు. దేవదానం ముందుకి దూకబోయాడు.

"కదిలితే కాలుస్తాను!" రాజరాజేశ్వరి కేక.

మూడడుగులు... రెండు...

పైనుంచి ఏదో దూకింది.

ఛళ్!!

దేవదానం దవడ పేలిపోయింది.

ఎదురుగా అప్పలస్వామి. కొట్టిన చెయ్యి దులుపుకుంటున్నాడు.

"వీడండీ దేవదానం! అటేపున్నది మా నాయనమ్మండీ... వెంకటరమణమ్మ! ఆవిడ మీద చెయ్యెత్తమంటే నావల్ల కాదు. మాస్టార్నయితే ఎప్పుడైనా కొడతాను. ఈయనంటే నాకు పూచికపుల్లంత గౌరవం కూడా లేదండీ!"

కత్తి బయటికొచ్చింది!

కాంతమ్మ గొంతు మీదికి...

ఢాం!!

గురి తప్పలేదు.

హెడ్మాస్టరు గారు మోకాళ్ళ మీద కూలిపోయారు. బురదలో పక్కకి ఒరిగిపోయారు. కత్తి జారి నీళ్ళలో పడింది.

పెద్దమనిషి చచ్చాడు!

కానీ మాయ చావలేదు. ఒంట్లో వెచ్చదనం ఉన్నంతసేపూ అది ఉండేటట్టుంది.

"నాన్నా!" కండక్టరు గట్టు మీంచి దొర్లుతూ వచ్చి శవం మీద పడ్డాడు. "గురువుగారూ!" డ్రైవరు గొల్లుమన్నాడు. ముప్ఫై మంది ముప్ఫై పేర్లు పెట్టి ఏడుస్తున్నారు. అప్పలస్వామి గుండెలు బాదుకుంటున్నాడు. కాంతమ్మ సరేసరి, "నా బాబే, నన్ను మోసిన నా బాబే" అని శోకాలు తీస్తోంది. ఆ బాబు పక్కనే నిలబడి ఉన్నా సరే!

దేవదానం కళ్ళు తుడుచుకుంటాడు. తన కళ్ళ ముందు మాస్టారు రెండోసారి పోయారు. మూడు గొంతులు కోసిన వెధవకి ఇంతమంది కన్నీళ్ళు! రేపు వీడి అసలు మొహం చూసి ఒక్కడైనా ఉమ్మకుండా ఉంటాడా?

పిస్టలు బురదలో పడి ఉంది.

రాజరాజేశ్వరి శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చప్పుడు లేకుండా వెక్కుతోంది. తన గుండు తగిలిన చోట అరచెయ్యి అదిమిపెట్టి, రక్తం ఆపాలని చూస్తోంది.

దేవదానం చూస్తున్నాడని తెలిసి తలెత్తింది.

"అలా చూడకండి మాస్టారూ. మీరు పోతే నేనేం ఏడవను."

"ఆయ్," అన్నాడు దేవదానం.