ఆమె ఒక్కతే అడిగింది

మా పేట చివరి క్లినిక్‌లో సాయంత్రం పూట జనం పల్చగా ఉంటారు. గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు, ఫినాయిల్ వాసన, మూలన గుర్రుమంటూ తిరిగే ఫ్యాను. అత్తని తీసుకుని అక్కడికి వెళ్ళడం అది మూడోసారి.

అత్త దర్జీ. నాకు కుట్టు నేర్పింది ఆవిడే. నా నోటిదురుసు చూసి 'కత్తెర' అని పేరు పెట్టిందీ ఆవిడే. అలాంటి మనిషి ఒకరోజు చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. సరిచేద్దామని కూర్చుని, ఏం సరిచెయ్యాలో మర్చిపోయి ఏడ్చింది.

మా ఆయనకి చెబితే, "అమ్మకి మొదట్నించీ మతిమరుపే. నువ్వు గోరంతలు కొండంతలు చెయ్యకు" అన్నాడు. డాక్టరైతే ఫోన్లోంచి తలెత్తకుండానే "ఈ వయసులో మామూలేనమ్మా" అని విటమిన్ మాత్రలు రాశాడు. రెండోసారీ అదే మాట, అవే మాత్రలు. అత్తని ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

ఆరోజు ఒకటే వాన. మేం కూర్చోగానే బూడిదరంగు శాలువా కప్పుకున్న ముసలావిడ వచ్చి అత్త పక్కన చేరింది. వెళ్ళినప్పుడల్లా కనిపించేది. ఎవరికో తోడొచ్చిందనుకునేదాన్ని. అత్త చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, చెవి దగ్గరగా వంగి, "ఊఁ... తర్వాత?" అనేది. అత్త గలగలా చెప్పుకుపోయేది. పోనీలే, వినే మనిషి దొరికిందని సంతోషించాను కూడా. ఆవిడ దగ్గర ఏళ్ళ తరబడి తెరవని పెట్టె వాసన వచ్చేది.

"అత్తా, నేను ముందు వెళ్ళి మాట్లాడొస్తా" అని డాక్టరు గదిలోకి దూసుకెళ్ళాను.

"బీపీ చూస్తారు, షుగర్ చూస్తారు. తల ఎందుకు చూడరండీ? ఇవాళ ఏం వారమో అడగండి. గడియారం బొమ్మ గీయమనండి. కొడుకు పేరు చెప్పమనండి!"

"బయట ఇంకా పేషెంట్లున్నారమ్మా..."

"ఉండనివ్వండి!"

ఆయన విసుగ్గా పెన్ను పక్కన పెట్టాడు. "సరే, తీసుకురండి."

అప్పుడే కరెంటు పోయింది.

కాంపౌండరు టార్చి వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఇద్దర్నీ పంపమంటారా?"

"ఇద్దరెవరు?"

"శాలువా ఆవిడ మీ మనిషే కదా?"

"కాదు. మీ పేషెంటు కాదూ?"

అతను టార్చి కుర్చీల వైపు తిప్పాడు. "పెద్దవాళ్ళు ఎవరొచ్చినా పక్కనే కూర్చుంటుందమ్మా... వాళ్ళ తాలూకేమో అనుకునేవాణ్ణి."

టార్చి లాక్కుని బయటికి పరిగెత్తాను. ఫ్యాను ఆగిపోయింది. వాన చప్పుడు... దానికింద సన్నటి గుసగుస. పెట్టె వాసన ముక్కుకి గట్టిగా కొట్టింది.

ఆవిడ పెదవులు అత్త చెవికి ఆనుకుని ఉన్నాయి. అత్త చెబుతోంది. ఒక్కో మాటా సన్నబడుతోంది... ఆగిపోయింది.

"వదులు!" ఆవిడ భుజం పట్టి లాగాను. శాలువా కింద ఎముక తగల్లేదు. మెత్తగా... బట్టల మూటలా ఉంది.

ఆవిడ తలెత్తింది.

"ఎందుకే కత్తెరా, అంత కోపం?"

అది అత్త గొంతు.

"నీ బిడ్డ కడుపులోనే పోయినప్పుడు చిన్న చొక్కా కుట్టాను గుర్తుందా? గుండీలు గుచ్చుకుంటాయని దారాలు పెట్టాను. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు."

సిగ్గులేకుండా చెబుతున్నాను, ఇంకా వినాలనిపించింది. ఆ జ్ఞాపకం ఆ గొంతులో విని ఎన్నాళ్ళయిందో.

"ఇచ్చెయ్. అవి మా అత్తవి" అన్నాను.

"కొడుకు అడిగాడా? ఆ డాక్టరు అడిగాడా?" ఆవిడ నవ్వలేదు. అదే భయం వేసింది. "నేనొక్కదాన్నే అడిగాను. నాకిచ్చింది."

లేచింది. అన్నేళ్ళు మిషను తొక్కి అరిగిన కుడికాలు కొంచెం ఈడుస్తూ, అచ్చం అత్తలా నడుచుకుంటూ వానలోకి వెళ్ళిపోయింది.

లైట్లు వచ్చాయి. డాక్టరు ఈసారి తనే బయటికొచ్చి, అత్త ముందు వంగి, "మీ పేరేంటమ్మా?" అన్నాడు.

అత్త ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. చెప్పలేకపోయింది.

ఆయన ముఖం పాలిపోయింది. "కాస్త ముందే తీసుకొచ్చి ఉంటే..."

"తెచ్చాను!" క్లినిక్ దద్దరిల్లేలా అరిచాను. "మీ ముందే కూర్చోబెట్టాను!"

ఆయన ఏదో అనబోయాడు. వినకుండా అత్త చెయ్యి పట్టుకుని వచ్చి టాక్సీ ఎక్కాను. తడిసిపోయాం ఇద్దరం. అత్త నా వైపు మర్యాదగా తిరిగి, "మీరెక్కడ దిగాలండీ?" అంది. దాన్ని దిగమింగుకునేలోపే ఫోను మోగింది. మా ఆయన.

"ఏం మనిషివే నువ్వు! అమ్మని వానలో వదిలేస్తావా? ఇప్పుడే ఇంటికొచ్చింది పాపం, ఒక్కతే నడుచుకుంటూ. మతిమరుపు అన్నావు, నా చిన్నప్పటి సంగతులన్నీ వరసపెట్టి చెబుతోంది!"

టాక్సీ మా వీధిలోకి తిరిగింది. మా ఇంట్లో అన్ని గదుల్లోనూ లైట్లు వెలుగుతున్నాయి.

"ఇంకోటి," అతను గొంతు తగ్గించాడు. "నీ పక్కన ఎవరో ముసలావిడ ఉందట కదా... ఆవిణ్ణి మాత్రం లోపలికి రానివ్వద్దంటోంది అమ్మ."

తలుపు గడియ పడిన చప్పుడు ఫోన్లో వినపడింది.