ముప్పై ఏడో ఫ్రేము

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే షెర్‌బ్రూక్ ఊరికి వచ్చి మూడు నెలలైనా డారియాతో మనసిచ్చి మాట్లాడిన మనిషి ఒక్కరూ లేరు. ఇంగ్లీషు మాట్లాడే సస్కటూన్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఫ్రెంచి చదివితే అర్థమవుతుంది గానీ, ఎవరైనా ఎదురుగా గబగబా మాట్లాడితే తల ఊపి ఊరుకునేది. ఆసుపత్రిలో కాగితాల పని. సాయంత్రం గదికి వచ్చి తలుపు వేసుకుంటే మళ్లీ తెల్లారేదాకా గొంతు విప్పే అవసరమే రాదు. ఆదివారాలు తాత వాడిన పాత ఫిల్ము కెమెరా మెడలో వేసుకుని నది ఒడ్డున తిరిగేది. అలా ఒక ఫిల్ముకు పట్టే ముప్పై ఆరు ఫోటోలూ పోగయ్యాయి. ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుని తీసింది.

కెమెరాలు బాగుచేసే కొట్లో గోడకు అంటించిన ఫోటో క్లబ్బు చీటీ చూసి, అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం ఆ క్లబ్బు మెట్లెక్కింది. కింద లాండ్రీ. మెట్ల మీద సబ్బు ఆవిరి. పైకి పోయేకొద్దీ ఫిల్ము కడిగే మందుల వాసన, వెనిగర్ లాంటి పులుపు. సగం మెట్ల దగ్గర కుడికాలి బూటు లేసు పుటుక్కున తెగింది.

తలుపు తీసిన పెద్దావిడ పేరు గిస్లెన్. క్లబ్బు తాళాలన్నీ ఆవిడ దగ్గరే ఉంటాయి. కాలు ఈడ్చుకుంటూ వచ్చిన పిల్లను చూసి, పార్సిళ్లకు కట్టే పురికొస ముక్క తెచ్చి ఇచ్చింది.

"ముందు బూటు కట్టుకో అమ్మాయ్. ఫిల్ము ఎక్కడికీ పోదు."

లోపల తిబో ఉన్నాడు. ముప్పై ఏళ్లవాడు, రొట్టెల బట్టీలో పని. ఇన్నాళ్లూ ఈవిడ తిట్లన్నీ తనొక్కడే తింటున్నాననీ, ఇక సగం పంచుకోవచ్చనీ అన్నాడు. తిట్లతోపాటు నా బిస్కెట్లూ తింటున్నావులే, అంది గిస్లెన్. డారియా నవ్వింది. నవ్వి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. బల్ల చుట్టూ ఎనిమిది కుర్చీలున్నా మనుషులు మాత్రం ఇద్దరే.

గోడ నిండా ఫోటోలు. కొత్తగా వచ్చినవాళ్లు తమ మొదటి ఫిల్ములోంచి ఒకటి అచ్చు వేసి ఆ గోడకు పెడితే, ఇక వాళ్లు అక్కడి మనుషులే. ఒకచోట అరచేతంత ఖాళీ కనిపించింది. డారియా చూపు అక్కడే ఆగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వాడిన ఫిల్మును కడిగే ముందు చిన్న చక్రానికి చుట్టి, డబ్బాలో పెట్టి మూత బిగించాలి. అదంతా కటిక చీకట్లో, వేళ్ల గుర్తుతోనే చెయ్యాలి. మూత పడకముందు వెలుతురు తగిలిందా, ఫోటోలన్నీ పోయినట్టే. అందుకే వాళ్లకొక కట్టుబాటు ఉంది. మూత బిగించినవాళ్లు "మూశాను" అని పైకి చెప్పాలి. అందరూ చెప్పాకే దీపం. కొత్తవాళ్ల చెయ్యి నెమ్మది కనుక, స్విచ్చు పక్కన ఎప్పుడూ వాళ్లనే కూర్చోబెడతారు.

గిస్లెన్ గడియ పెట్టింది. డారియా దీపం ఆర్పింది.

రాత్రి చీకటిలో ఎక్కడో ఒక గీతంత వెలుతురైనా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. కింద బట్టలు ఉతికే యంత్రాల గొణుగుడు, దగ్గర్లో ఫిల్ము గరగర.

"మూశాను," అంది గిస్లెన్.

"మూశాను, మహారాణీ," అన్నాడు తిబో.

డారియా వేళ్లు తడబడుతున్నాయి. సగం చుట్టింది. అప్పుడు వినిపించింది... బల్ల కిందనుంచి. గాలి లోపలికి లాగిన చప్పుడు. ఆగింది. మళ్లీ లాగింది. గొంతులో ఏదో అడ్డుపడినట్టు...



"దీపం వెయ్యి," గిస్లెన్ గుసగుసగా అంది. "ఇప్పుడే."

"నా మూత పడలేదండీ."

"పోతే పోయింది. వెయ్యమ్మా."

ఇంకా బెత్తెడు ఫిల్ము మిగిలింది. గోడ మీద ఆ ఖాళీ కళ్లలో మెదిలింది. డారియా అంది, "ఒక్క నిమిషం."

చుట్టింది. కుడికాలి పురికొసను ఏదో పట్టుకుంది. మెల్లగా లాగింది. మళ్లీ... ఈసారి ఇంకా మెల్లగా. తర్వాత లాగలేదు. ఊపిరి చప్పుడూ లేదు.

"మూశాను," అని దీపం వేసింది.

బల్ల కింద ఎవరూ లేరు. గిస్లెన్ మోకాళ్ల మీద వంగి, ఖాళీ నేలను చేత్తో తడుముతోంది.

అప్పుడు చెప్పింది. ఈ క్లబ్బు పెట్టిన రోజేర్ మొన్న ఫిబ్రవరిలో ఈ చీకట్లోనే కుర్చీలోంచి జారిపోయాడు. ఆయన ఎప్పుడూ ఆలస్యమే. "మూశాను" అనేదాకా ఆగుదామని, ఆ రోజు తోడున్న గిస్లెన్, తిబో ఆయన మీదే హాస్యాలాడుతూ నలభై నిమిషాలు కూర్చున్నారు. ఊపిరి వినిపిస్తూనే ఉంది కదా, పని చేసుకుంటున్నాడనుకున్నారు. వెంటనే దీపం వేసుంటే బతికేవాడని డాక్టరు అన్నాడు. సంగతి తెలిశాక క్లబ్బులో మిగిలినవాళ్లు రావడం మానేశారు.

"ప్రతి శనివారం వినిపిస్తుంది. వినగానే దీపం వేస్తాం, ఫిల్ములు పోతే పోనీ అని. చెబితే నువ్వూ రావని చెప్పలేదు. ఆ రోజు తర్వాత దీపం వెయ్యకుండా ఆగడం... మళ్లీ ఇవాళే."

ఫిల్ము కడిగి క్లిప్పుకు వేలాడదీశారు. ముప్పై ఆరూ చక్కగా వచ్చాయి. వాటి తర్వాత, ఆమె ఆఖరున చుట్టిన బెత్తెడులో, ఇంకొకటి ఉంది. ముప్పై ఏడోది.

తిబో దాన్ని అడుగున దీపం వెలిగే గాజుబల్ల మీద పరిచి భూతద్దం పెట్టాడు. నేల మీద పడుకుని తీసినట్టుంది. బల్ల కింద మూడు జతల కాళ్లు. రెండు జతలకు మంచు బూట్లు, వాటి చుట్టూ కరిగిన మంచు మడుగు.

"ఇవి నావి," అంది గిస్లెన్. "అవి వీడివి. ఆ రోజువి."

మూడో జతకు పల్చటి బూట్లు. కుడిదానికి లేసు బదులు పురికొస. దాని కొసను ఒక ముసలి చెయ్యి పట్టుకుని ఉంది.

ఫిబ్రవరిలో డారియా ఈ ఊరి పేరు కూడా ఎరగదు.

గిస్లెన్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "అయితే నువ్వూ మాలో మనిషివేనమ్మా," అంది. ఆ గొంతులో సంతోషం లేదు.

డారియా కిందికి చూడలేదు. తలుపు వైపు అడుగు వెయ్యబోయింది. ఎడమకాలు కదిలింది.

కుడికాలు రాలేదు...