సగం అల్లిన గూడు

"ఎవరు కట్టిండ్రు ఈ దారాలు?"

వాగొడ్డున తుమ్మచెట్టు కింద నిలబడి తృప్తి గట్టిగా అడిగింది. ఆమె చేతిలో ఒక గిజిగాడు. దాని కాలికి ఎర్రనూలు చుట్టుకుని ఉంది.

దాజీ పేటలో ఆ వాగు పక్కనే వినాయక్ వాళ్ల చద్దర్లు నేసే కార్ఖానా. వెనుక తలుపు తీసుకుని అతను గర్వంగా బయటికొచ్చాడు.

"నేనే కట్టిన. ఎందుకు?"

"ఎందుకేంది? ఇటు చూడు."

చూశాడు. మొహంలో గర్వం జారిపోయింది. చద్దర్ అంచుల్లో మిగిలిన నూలుపోగుల్ని వారం నుంచి కొమ్మలకు కడుతున్నది అతనే.

"అవి గూడ మనలెక్క నేతోళ్లే కదా. గడ్డిపోసలతోని అల్లుతుంటే పాపమనిపించింది. మంచి నూలు ఇద్దామని..."

తృప్తికి నవ్వొచ్చింది. కోపంలో ఉన్న సంగతి గుర్తొచ్చి ఆపుకుంది.

"గడ్డిపోస గుంజితే తెగుతది. నీ నూలు తెగుతదా?"

"ఎట్ల తెగుతది? మా చద్దర్ పదేండ్లు ఉంటది."

"అదే నేను చెప్పేది. పట్టుకో."

పిట్టను అతని అరచేతుల్లో పెట్టింది. సంచిలోంచి వాళ్లమ్మ బీడీ ఆకు కత్తిరించే కత్తెర తీసి, ఊపిరి బిగబట్టి పోగు తెంపింది. వినాయక్ మాత్రం పిట్టను చూడలేదు. పిట్ట ఎగిరిపోయినా అరచేతులు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"పోయింది. చేతులు దించు," అంది తృప్తి.

చెట్టు మీది నూలంతా తీసేదాకా ఆమె కదలనంది. అతను చెట్టెక్కాడు. ముండ్లు గుచ్చుకున్నాయి. అప్పుడే వాన మొదలైంది. తృప్తి గొడుగు విప్పుకుంది.

"నాకు పట్టవా?"

"చెట్టెక్కినోనికి గొడుగెట్ల పడతరు?"

కాలేజీ ప్రాజెక్టు కోసం ఆమె ఆ వాగు వెంట నడుస్తోందని కిందికి దిగాక తెలిసింది.

"ఈ మురికి నాలా మీద ప్రాజెక్టా?"

"నాలా గాదు, వాగు. ఆ జమ్ము చూసినవా? మురికిని అది పట్టి ఉంచుతది. చేపపిల్లలు దోమపిల్లల్ని తింటయి. పిట్టలు పురుగుల్ని ఏరి పిల్లలకు పెడతయి. ఇవన్నీ పోతే మీకు దోమలే మిగులుతయి."

"ఇప్పటికే బహుత్ ఉన్నయి. మా బాపు, లూముల కంటే వాటి చప్పుడే ఎక్కువంటడు."

ఈసారి ఆమె నవ్వు ఆపుకోలేదు.

ఆ రోజు నుంచి పని అయిపోగానే వినాయక్ కూడా వాగు వెంట నడిచాడు. నీళ్లలో ఎవరో పారేసిన చెత్త తీశాడు. చెప్పులు రెండుసార్లు బురదలో పోగొట్టుకున్నాడు. ఒక సాయంత్రం తుమ్మకొమ్మల వైపు చూసి అడిగాడు.

"ఇన్ని గూళ్లు సగమే అల్లి ఇడిసిపెట్టినయేంది? కామ్‌చోర్ పిట్టలు."

"పనిదొంగలు గాదు. మగపిట్ట సగం అల్లి ఆగుతది. ఆడపిట్ట వచ్చి లోపల కూసోని చూస్తది. నచ్చితే మగపిట్ట మిగిలింది అల్లుతది. నచ్చకపోతే ఇంకొకటి మొదలుపెడతది."

"అంటే పెండ్లిచూపులకు పిల్లనే పోతదన్నట్టు."

"మన దగ్గరే ఉల్టా," అంది తృప్తి. కాసేపు నీళ్లవైపు చూసింది. "ఆదివారం పుణే నుంచి నన్ను చూడనీకి వస్తున్నరు. చాయ్ పట్టుకొని పోయి కూసోవాలె."

వినాయక్ గుండెలో లూము ఆగినట్టయింది.

"నీకు ఇష్టమేనా?"

"నన్నెవరడిగిండ్రు?"

"నేనడుగుతున్న."

తల అడ్డంగా ఊపి, "లేదు," అంది.

శనివారం పొద్దుగూకే వేళకు అతను బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో తృప్తి వాళ్లింటి గుమ్మం ముందున్నాడు. ఆమె తల్లి గోదావరి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆ ఇంట్లో ఆమె మాటే మాట.

"చిన్నమ్మా, తృప్తిని తోలుకొని మా ఇల్లు చూడనీకి రావాలె."

"పిల్లనే పోయి పిలగాని ఇల్లు చూసుడా? ఎక్కడి రివాజురా ఇది?"

"వాగు కాడిది."

లోపలి నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. వినాయక్‌కు ధైర్యమొచ్చింది.

"మా ఇంటి పైన అర్ర సగమే కట్టిన చిన్నమ్మా. ఆమె చూసి చెప్తే మిగిలింది కడత."

"నచ్చకపోతే?"

"ఇంకొకటి మొదలుపెడత."

గోదావరి చేతులు ఆగలేదు. ఇంకో బీడీ చుట్టి చాటలో వేసింది.

"నువ్వొచ్చినకాడి నుంచి చిన్నమ్మా, చిన్నమ్మా అంటున్నవ్. గట్లయితే అది నీకు చెల్లె అయితది. ముందు వరుస సక్కగ చేసుకో."

వినాయక్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. చెవులు ఎర్రబడ్డాయి.

"సరే... అత్తా."

గోదావరి లోపలి వైపు తలతిప్పి, "విన్నవా? నువ్వేమంటవే? పుణేవాళ్లను రావద్దనాలంటే ఇప్పుడే ఫోన్ చెయ్యాలె," అంది.

తృప్తి తలుపు చాటు నుంచి సగమే కనిపించింది.

"కిటికీ వాగు దిక్కు పెట్టమను. అప్పుడు వచ్చి చూస్త."