భిక్షం అక్షరాలు

రెండువేల మూడులో నేను ఫిల్మ్ నగర్‌లో ఒక పోస్టర్ల ఆఫీసులో డిజైనర్‌ని. హైటెక్ సిటీ పుణ్యమా అని కంప్యూటర్ తెలిసినవాడికి మంచి గిరాకీ. ఓ దర్శకుడు సినిమా పేరుకి పాత ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండే అక్షరాలే కావాలన్నాడు. చివర్లకి చిన్న చిన్న పాదాలుండి, అక్కడక్కడా సిరా అంటక అరిగినట్టుండేవి.

అవి షేక్‌పేటలో, మూతపడబోతున్న ఓ ప్రెస్సులో దొరికాయి. భిక్షం అనే ముసలి కంపోజిటర్ నలభై ఏళ్లుగా అవే సీసపు అచ్చులు పేరుస్తున్నాడు. నా కోసం ఒక్కో అక్షరం కాగితం మీద నొక్కి ఇచ్చాడు.

"జర పైలం సార్. గిసొంటియి ఇగ దొరకవు. నా పేరు యాడనన్న రాస్తరా?"

"తప్పకుండా పెద్దాయనా. మీ పేరే పెడతాను."

వాటిని స్కాన్ చేసి ఫాంట్ తయారుచేశాను. మా యజమాని సూర్యప్రకాశరావు గారు "ఎవరు గీశారయ్యా?" అనడిగితే "నేనేనండీ" అన్నాను. అంత తేలిగ్గా నోటికొచ్చింది. ఫాంటుకి నా పేరే పెట్టారు, శ్రీకృష్ణ అని. ఆర్నెల్లు తిరిగేసరికి జూబ్లీహిల్స్‌లో ఏ హోర్డింగు చూసినా అవే అక్షరాలు.

ఒకరోజు భిక్షం ఆఫీసుకొచ్చాడు. "అక్షరాలు గుర్తువట్టిన సార్. నా పేరేది?" అన్నాడు అందరి ముందూ.

"ఎవరండీ మీరు?" అన్నాను.

భిక్షం వెనక్కి తిరిగాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నెల తిరక్కుండానే పోయాడని తెలిసింది. అచ్చులన్నీ పాత సామాన్లవాడికి తూకానికి అమ్మేశారట.

మరుసటి ఏడు జులైలో ఒక సాయంత్రం, ఒకటే వాన. అందరూ ఏదో సినిమా ఓపెనింగుకి వెళ్లారు. నేనొక్కణ్ణే కూర్చుని కొత్త సినిమా పేరు టైపు చేస్తున్నాను. ముందు కిరసనాయిలు వాసన వచ్చింది, ప్రెస్సులో అచ్చులు కడిగే వాసన. తర్వాత చప్పుడు. టిక్... టిక్... ఇనప పళ్లెంలో సీసపు ముక్కలు పేరుస్తున్నట్టు. నా వేళ్ల చప్పుడే అనుకుని చేతులు తీసేశాను.

టిక్...

నా వెనక.

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే తిరగబడుతున్నాయి. అద్దంలో చూసినట్టు... సీసపు అచ్చుల మీద ఉన్నట్టు. ప్లగ్గు పీకేశాను. తెర ఆరిపోయింది. ప్రింటర్ మాత్రం దానంతటదే కదిలింది. మెల్లగా ఒక కాగితం బయటికి నెట్టింది.

తెల్ల కాగితం. సిరా చుక్క లేదు. బొటనవేలితో తడిమాను. అక్షరాల గుంటలు... బలంగా నొక్కినట్టు.

చెవి పక్కన ఎవరో గుసగుసగా అన్నారు.

"ఎవరండీ మీరు?"

అంత వానలోనూ చెప్పులు లేకుండా పరుగెత్తాను.

మర్నాడు యజమాని దగ్గర నిజం ఒప్పేసుకున్నాను. ఆయన టీ తాగుతూ, "పోయినోడి పేరు పెడితే ఎవరు కొంటారయ్యా? ఊరుకో" అన్నారు. ఊరుకున్నాను. అదే నేను చేసిన మూడో ద్రోహం.

తర్వాతి వారం ఫ్లాటు రిజిస్ట్రేషన్‌కి వెళ్లాను. గుమాస్తా నా బొటనవేలికి సిరా అద్ది దస్తావేజు మీద నొక్కించాడు. వంగి చూశాడు. మళ్లీ నొక్కించాడు.

"గిదేంది సార్?"

వేలిముద్రలో గీతలు లేవు. నల్లటి మరక నడుమ తెల్లగా, చిన్న చిన్న పాదాలతో, ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం, B.

నా పేరులో ఎక్కడా లేని అక్షరం.