ఎగతాళి నిఘంటువు

"ఆ మాటలు మన ఆఫీసులో నీకొక్కడికే తెలుసు," అన్నాడు చీఫ్, ఫైలు ముందుకు తోస్తూ.

ఏజెంట్ ఫైలు తెరిచాడు. ఫ్లీర్, గ్లీక్, బిస్మర్. ఇంగ్లిషువాళ్లే ఏనాడో వాడటం మానేసిన ఎగతాళి మాటలు. విదేశీ ముఠాకి ఇప్పుడవే కోడ్. ఫ్లీర్ అంటే సిద్ధం. గ్లీక్ అంటే గురి. బిస్మర్ అంటే కాల్చు. వాటిని ముఠా ఏరుకున్నది ఒక రిటైర్డ్ మాస్టారు రాసిన, ఇంకా విడుదల కాని నిఘంటువులోంచి. తన పుస్తకంలోని మాటలు రేడియోలో ఎవరో పలకడం విని ఆయన పోలీసులకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరమే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. రేపు పొద్దున పుస్తకావిష్కరణ సభలోనే పని ముగిస్తారట. ఆజ్ఞ ఇచ్చేది పబ్లిషరమ్మ. ఇన్నాళ్లూ ఆఫీసులో అందరూ ఆమెను తమ మనిషే అనుకున్నారు.

"రెండు మాటలు ఆమె నోట రావాలి. లేకపోతే కేసు నిలవదు. మూడోది మాత్రం తుపాకీవాడి చెవిన పడకూడదు," అన్నాడు చీఫ్. "మాస్టారు నీకు పాఠాలు చెప్పారటగా?"

"ఐదేళ్లు, సార్. నన్ను పేరుకు బదులు ఇలాంటి మాటలతోనే పిలిచేవారు."

గొంతులో కోపం లేదు. ఆ మాటలు తగిలే చోటు ఎప్పుడో మొద్దుబారిపోయింది.

మర్నాడు సభ జరిగే హాల్లో ఏజెంట్ మైకు మెకానిక్ వేషంలో వైర్లు సర్దుతుంటే, యాంప్లిఫయర్ నుంచి కొత్త వైరొకటి పైనున్న అద్దాల గదికి పోతూ కనిపించింది. తుపాకీవాడికి మైకులో మాట తప్ప ఇంకేమీ వినపడదన్నమాట.

నల్ల సిల్కు గౌనులో పబ్లిషరమ్మ వచ్చింది. కొత్త మొహం చూసి, వంగి, తీయగా నవ్వుతూ "గెక్" అంది. పదిమందీ నవ్విపోయే వెర్రివెంగళప్ప అని. అర్థం తెలిసినవాడైతే మొహం మారాలి. ఏజెంట్ మొహం గోడలా ఉంది.

"ప్లగ్గు లూజుగా ఉందమ్మా," అన్నాడు.

ఆమె నిశ్చింతగా స్టేజీ ఎక్కి నిఘంటువు తెరిచింది.

"ఫ్లీర్," అని చదివింది. జనం నవ్వారు. మాస్టారు పొంగిపోయాడు.

"గ్లీక్." పైన అద్దం వెనక నల్లటి గొట్టం కదిలింది.

ఆమె పేజీ తిప్పింది. పెదవులు కలిశాయి. ఏజెంట్ ప్లగ్గు పీకేశాడు.

పైన తుపాకీవాడు ఇయర్‌ఫోన్ నొక్కుకుంటుండగానే చీఫ్ మనుషులు వెనకనుంచి మెడ పట్టుకున్నారు. కింద ఇద్దరు పబ్లిషరమ్మను మర్యాదగా పక్కకు నడిపించుకుపోయారు.

మాస్టారికి ఇవేమీ పట్టలేదు. ఆయన చూపు ఊడిన ప్లగ్గు మీదే ఉంది. మైకు అక్కర్లేని క్లాసురూము గొంతుతో, హాలంతా వినేలా, "గెక్" అన్నాడు.

అర్థం తెలియకపోయినా అందరూ నవ్వారు. ఏజెంట్ వైరు చుట్టుకుంటున్నాడు.

"మాస్టారు నిన్ను గుర్తుపట్టారా?" చీఫ్ దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు.

"పేరు మరిచిపోయారు సార్," అన్నాడు ఏజెంట్. "పిలుపు మాత్రం అదే."