అర హెచ్‌పీ మోటారు

“నేను ఒక హెచ్‌పీ మోటారు అడిగితే, మా ఇంటి సంపు లోతెందుకు మీకు?”

గోదావరిఖని లక్ష్మీనగర్‌లోని మోటార్ల షాపులో తడిసిన గొడుగు మూసుకుంటూ ఫెబా గట్టిగానే అడిగింది. దవాఖాన ల్యాబులో డ్యూటీ ముగించుకుని అటే వచ్చింది.

షాపు నడిపే ప్రశాంత్ చిన్నగా నవ్వాడు. “లోతు తెలిస్తెనే కదా మేడం, ఏది సరిపోతదో చెప్పేది. ట్యాంకు ఎక్కడుంది?”

“డాబా మీద. ఒక్క అంతస్తే.”

“పైపులు?”

“ఇల్లు కట్టినప్పటివే. ఇరవై ఏండ్లయింది.”

“అయితే అర హెచ్‌పీ చాలు. పెద్దది పెడితే ఆ పాత జాయింట్లు ఆగవు.”

ఫెబా కళ్లు చిన్నవయ్యాయి. “పెద్దది కొనలేననుకుంటున్నరా?”

“మీరు కొంటరు. నేనే ఇయ్య.”

ఆమె గొడుగు కూడా విప్పకుండా వానలోకి నడిచి, వేరే షాపులో ఒక హెచ్‌పీ మోటారు కొనేసింది.

ఆమె తొందర ఆమెది. తండ్రి యిర్మియా బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పంపు ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. మూడు నెలల కింద గుండె ఆపరేషన్ అయింది. బరువులెత్తొద్దన్నారు డాక్టర్లు. ఇంట్లో పాత మోటారు కాలిపోయినప్పటి నుంచి, ఎవరూ చూడనప్పుడు ఆయన సంపులోంచి బకెట్లతో నీళ్లు తోడుతున్నాడు.

కొత్త మోటారు బిగించిన రెండో రోజే గోడలోని జాయింటు పగిలింది. వంటిల్లంతా నీళ్లు. తల్లి రాములమ్మ గుడ్డతో తుడుస్తుంటే, యిర్మియా మళ్లీ బకెట్ పట్టుకున్నాడు. ఫెబా చేసేదేమీ లేక ప్రశాంత్ షాపుకే వెళ్లింది.

“మీరు గట్ల చూడకండ్రి,” అంది వెళ్తూనే.

“ఎట్ల చూసిన?”

“ముందే చెప్పిన గదా అన్నట్టు.”

“మీ గొడుగు దిక్కు చూస్తున్న మేడం. కారుతుంది.”

నవ్వు రాకూడదనుకుంది. వచ్చేసింది.

ఆ సాయంత్రమే ప్రశాంత్ చిన్న మోటారుతో వచ్చాడు. జాయింటు మార్చాడు. వసారాలో కుర్చీలో కూర్చున్న యిర్మియా ఉండబట్టలేక, “పిల్లగా, సంపుల అడుగున వాల్వు చూసినవా? అది పోతే మోటారు నీళ్లు గుంజది,” అన్నాడు.

“డాడీ, ఆయనకు తెల్వదా? నువ్వు రెస్టు తీస్కో,” అంది ఫెబా.

ప్రశాంత్ పైపు పైకి లాగి చూశాడు. వాల్వు పగిలి ఉంది.

“కాకా చెప్పిందే నిజం. నేను చూడనే లేదు.” సిగ్గుపడకుండా ఒప్పుకుని కొత్త వాల్వు బిగించాడు. తర్వాత మగ్గు ముందుకు చాపాడు. “కాకా, జర ఇటు రాండ్రి. ఇగ గాలి పోయేటట్టు మోటారుల నీళ్లు పోసుడు మీ చెయ్యితోనే కావాలె.”

యిర్మియా లేచాడు. బుడగలు ఆగేదాకా మగ్గుతో కొంచెం కొంచెంగా నీళ్లు పోశాడు. మూత బిగించి, మోటారు మీద అరచెయ్యి ఆనించాడు.

“ఎయ్యి స్విచ్చు!”

డాబా మీద ట్యాంకులో నీళ్లు పడిన చప్పుడైంది. యిర్మియా నడుం నిటారుగా నిలబడి విన్నాడు. రాములమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

గేటు దగ్గర ఫెబా, “థాంక్స్,” అంది.

“మోటారుకా?”

“కాదు. మా డాడీకి పని చెప్పినందుకు. మంచికే అనుకొని మూడు నెల్లసంది ఆయన్ని ఉత్తగ కూసోవెట్టినం.”

ప్రశాంత్ గేటు మీద చెయ్యి ఆనించాడు. “మా బాపు గూడ బాయి నుంచి రిటైరయినంక గోడ దిక్కు చూసుకుంట కూసున్నడు. అందుకే రోజూ షాపుకు తోల్కపోత. ఉన్న మోటార్లన్ని తుడుస్తడు. తుడిచినయే మళ్ల తుడుస్తడు.”

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆ రాత్రి ఫెబా ప్రార్థనలో ప్రశాంత్ పేరు కూడా చేరింది.

తర్వాత ఫెబాకు మోటార్ల మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది. పక్కింటివాళ్లకని, చర్చి పాస్టరమ్మకని, ల్యాబులో హర్షిణికని వారం వారం షాపుకు వచ్చేది. యిర్మియా కూడా సాయంత్రాలు వచ్చి, ప్రశాంత్ తండ్రి పోశంతో కబుర్లాడేవాడు. ఎవరికి ఏ మోటారు సరిపోతుందో ఇద్దరూ వాదించుకునేవారు.

ఒక సాయంత్రం ప్రశాంత్ అడిగేశాడు. “మీ గల్లీల ఇంక మోటారు లేని ఇల్లు లేదు ఫెబా. వచ్చే వారం ఏం సాకు చెప్పి వస్తవు?”

“సాకులు అయిపోయినయి. అందుకే నిజం చెప్పడానికి వచ్చిన.” ఫెబా గొడుగు బల్ల మీద పెట్టింది. “నువ్వంటే నాకిష్టం.”

ప్రశాంత్ చేతిలోంచి పెన్ను జారింది. “నాకు ఎప్పటిసందో ఇష్టం. అడుగుదామంటే భయం. మీది చర్చి, మాది గుడి. పెద్దోళ్లు ఒప్పుకుంటరా?”

అట్టపెట్టెల వెనక నుంచి యిర్మియా గొంతు వినిపించింది. “పోశం, మనం జర బయటికి పోదామా?”

“ఎందుకు పోవాలె? పెద్దోళ్లు ఒప్పుకుంటరా అని అడుగుతున్నరు గద. చెప్పే పోదాం!”

ఫెబా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. పోశం వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. “బిడ్డా, నేనూ మీ నాయిన ఒక్క బాయి నీళ్లు తాగినోళ్లం. నా కొడుకు నీకు నచ్చితే నాకింకేం గావాలె?”

యిర్మియా మాత్రం ప్రశాంత్ తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

ఫెబా మనసులో ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. కళ్లు తుడుచుకుని, “ముందు మా అమ్మకు చెప్పాలె, నడువుండ్రి,” అంది.

ప్రశాంత్ షట్టర్ దించాడు. నలుగురూ కలిసి ఇంటి వైపు నడిచారు.